వెయ్యినూటపదహార్లు: 1116 గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో హైస్కూల్ పిల్లలకు లెక్కలు ట్యూషన్ చెప్పడం నా పని. పెళ్ళిళ్ళ సీజన్ వచ్చిందంటే ఇంకో పని కూడా మీద పడుతుంది. "లెక్కల సారు ఉన్నాడు కదా" అని చుట్టాలు కట్నాల బుక్కు తెచ్చి నా చేతిలో పెడతారు. భోజనాల గంట మోగినా సరే, నేను ఆ టేబుల్ దగ్గర నుంచి కదలడానికి లేదు. అట్లా కూర్చుని కూర్చుని నా జీవితంలో నేను ఎక్కువసార్లు రాసిన సంఖ్య 1116 అయి ఉంటుంది. ట్యూషన్‌లో పిల్లలు, ఫంక్షన్ హాల్లో పెద్దలు ఈ సంఖ్య మీద అడిగినవన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను.

ముందే ఒక మాట. 1116కు ఉన్న గుణాల్లో కొన్ని ఆ సంఖ్య సొంతం. కొన్ని మనం పది అంకెలతో రాస్తున్నాం కాబట్టి వచ్చినవి. ఇవి రెండూ కలిసిపోతే అనవసరమైన మహిమలు పుడతాయి. ఏది ఏదో సందర్భం వచ్చినప్పుడు చెబుతాను.

అసలు 1116 ఎలాంటి సంఖ్య?

విడగొడితే 2 × 2 × 3 × 3 × 31. అంటే 36 × 31. కారణాంకాలు 18 ఉన్నాయి: 1, 2, 3, 4, 6, 9, 12, 18, 31, 36, 62, 93, 124, 186, 279, 372, 558, 1116.

ఇది సంఖ్య సొంత గుణం. తెలుగు అంకెల్లో ౧౧౧౬ అని రాసినా, కంప్యూటర్ లోపల ఉన్నట్టు 10001011100 అని రాసినా, రూపాయి బిళ్ళలను 36 వరుసల్లో వరుసకు 31 చొప్పున పేరిస్తే ఒక్కటి కూడా మిగలదు, ఒక్కటి కూడా తగ్గదు.

ఇంకోటి. 1 నుంచి 1116 లోపు, 1116తో 1 తప్ప ఉమ్మడి కారణాంకం ఏదీ లేని సంఖ్యలు ఎన్నో లెక్కపెడితే సరిగ్గా 360 వస్తాయి. వృత్తంలో డిగ్రీలతో దీనికి సంబంధం ఏమీ లేదు. సంఖ్య చిన్నది, అట్లా కలిసొచ్చింది.

కట్నం సమానంగా విడిపోకూడదని, అందుకే ఇట్లా చిల్లరతో ఇస్తారని అంటారు. నిజమా?

ఉత్తరాదివాళ్ళకు ఆ మాట సరిపోతుంది. వాళ్ళు ఇచ్చే 101, 501, 1001, 1101 అన్నీ బేసి సంఖ్యలే. రెండు సమాన భాగాలు కావు. పైగా 101 ప్రధాన సంఖ్య, ఎవరూ ఎట్లా పంచలేరు.

మన 1116 అట్లా కాదు. ఇద్దరికి పంచితే చెరి 558. ముగ్గురికైతే 372, నలుగురికైతే 279. ఆరుగురు, తొమ్మండుగురు, పన్నెండుగురు వచ్చినా చిల్లర గొడవ లేదు. నూటపదహార్లతో ముగిసే ఏ మొత్తమైనా 4తో భాగించబడాల్సిందే, ఎందుకంటే చివరి రెండంకెలు 16. విడిపోకూడదనేదే మన పెద్దల ఉద్దేశమైతే 1117 ఇవ్వమని చెప్పేవారు. అది ప్రధాన సంఖ్య, ఖర్చు ఒక్క రూపాయే ఎక్కువ. ఎవరూ అట్లా చెప్పలేదు. కాబట్టి మనది వేరే లెక్క. సున్నాతో ముగించకూడదు, పైన ఇంకొంత ఉండాలి అన్నంతవరకే.

నిజాం రూపాయి వల్లే నూటపదహార్లు వచ్చాయని చెబుతారు. లెక్క కుదురుతుందా?

ఈ ప్రశ్న వరంగల్‌లో అడిగినంతగా ఇంకెక్కడా అడగరనుకుంటా. కథ ఇదీ. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా రూపాయి, బ్రిటిష్ వాళ్ళ దగ్గర కల్దార్ రూపాయి. హాలీ విలువ కొంచెం తక్కువ. వంద కల్దార్ రూపాయలకు సమానంగా ఇవ్వాలంటే నూటపదహారు హాలీ రూపాయలు ఇవ్వాలి. అదే ఆచారమైంది అంటారు.

చేసి చూద్దాం. మారకం లెక్క 7 హాలీ రూపాయలకు 6 కల్దార్ రూపాయలు. అప్పుడు 100 కల్దార్‌కు 700ని 6తో భాగిస్తే 116 రూపాయల 10 అణాల 8 పైలు. పై అంటే పాత చిల్లర సుమా, అణాకు 12. కాబట్టి 116 దగ్గర్లోనే ఉంది. తిరగేసి చూస్తే 116 హాలీ అంటే 99 కల్దార్ రూపాయల 7 అణాలకు ఇంకా కాస్త తక్కువ. పెళ్ళిలో పెద్దమనిషి చేతికి వంద అని చెప్పి తొమ్మిది అణాలు తగ్గించి ఇస్తారా? ఇస్తారేమో. పూర్తిగా కొట్టిపారేయలేం.

కానీ ఇదే కథ 1116 దగ్గరకు వచ్చేసరికి నిలబడదు. వెయ్యి కల్దార్‌కు 1166 రూపాయల 10 అణాలకు పైగా కావాలి. యాభై రూపాయలు తేడా. 516 కూడా అంతే, 500కు 583 పైచిలుకు కావాలి. అంటే మారకపు కథ నిజమైనా అది 116 దాకానే నిజం. 516, 1116, 10116 ఇవన్నీ తర్వాత అదే పోలికలో తోకగా తగిలించినవి అయి ఉండాలి. నిజాం రూపాయి నడవని కోస్తా జిల్లాల్లో కూడా నూటపదహార్లే చదివిస్తారన్నది ఇంకో చిక్కు. మా తాతల కాలం నుంచి విన్న కథ కాబట్టి దీన్ని వదులుకోవడం నాకూ ఇష్టం లేదు. లెక్క మాత్రం లెక్కే.

మరి 16 ఎందుకు?

రూపాయికి పదహారు అణాలు. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చేదాకా అదే లెక్క. అందుకే నిండుగా ఉన్నదాన్ని ఇప్పటికీ పదహారణాలు అంటాం. చంద్రుడికి పదహారు కళలు, దేవుడికి షోడశోపచారాలు. 16 అంటే నిండు అనే భావం మన భాషలోనే ఉంది. నాకు నిజాం కథ కన్నా ఇదే నమ్మకంగా అనిపిస్తుంది, రుజువు అడగకండి.

ఊరికే సరదాకు: 1116 అణాలు అంటే 69 రూపాయల 12 అణాలు.

అంకెలు కూడితే 9 వస్తుంది కదా, అందుకే మంచి సంఖ్య అంటారు?

1 + 1 + 1 + 6 = 9. నిజమే. కాబట్టి 1116 తొమ్మిదితో భాగించబడుతుంది, 124 వస్తుంది. 10116 అంకెలు కూడినా 9, లక్షా నూటపదహార్ల అంకెలు కూడినా 9. మధ్యలో ఎన్ని సున్నాలు దూర్చినా మొత్తం మారదు కదా. ఈ మూడూ 4తోనూ పోతాయి, 9తోనూ పోతాయి, కాబట్టి 36తో పోతాయి: 36 × 31, 36 × 281, 36 × 2781. 116 మాత్రం ఈ గుంపులో చేరదు. దాని అంకెల మొత్తం 8.

అంకెలు కూడి 9తో పరీక్ష చేయడం మన రాతకు సంబంధించిన కిటుకు. పది కన్నా ఒకటి తక్కువ తొమ్మిది కాబట్టి అది పనిచేస్తుంది. మనకు ఎనిమిదే అంకెలు ఉండి ఉంటే ఇదే పరీక్ష 7కు పనిచేసేది. మంచిచెడ్డలు దీంట్లో లేవు.

ఈ తొమ్మిది వల్ల నాకు జరిగిన అవమానం ఒకటి చెప్పాలి. మా పెదనాన్న ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా చేసేవారు. చిన్నప్పుడే నాకు ఒక కిటుకు నేర్పారు. చిట్టాకూ చేతిలో ఉన్న డబ్బుకూ తేడా వచ్చి, ఆ తేడా 9తో నిశ్శేషంగా పోతే, ఎక్కడో అంకెలు తారుమారుగా రాశావని అర్థం. 540కి 450 రాస్తే తేడా 90. 81కి 18 రాస్తే 63. ఏ రెండంకెలు తిరగబడినా తేడా తొమ్మిది గుణిజమే.

మా అక్క కూతురి పెళ్ళి హంటర్ రోడ్డులో. అప్పగింతలయ్యాక రాత్రి కూర్చుని లెక్క చూస్తే బుక్కులో ఉన్నదానికన్నా డబ్బు 2232 తక్కువ. అంకెలు కూడాను. 2 + 2 + 3 + 2, తొమ్మిది! "కంగారు పడకండి, ఎవరూ తీయలేదు, నేనే ఎక్కడో అంకె తిప్పి రాశా" అని ధీమాగా చెప్పి బుక్కు మొదటి పేజీ నుంచి పట్టాను. గంటన్నర. ఒక్క తప్పు కనపడలేదు. మా మేనత్త సోఫాలో కునుకు తీస్తున్నదల్లా లేచి, "అవి రెండు వెయ్యినూటపదార్లే గదరా, ఏ కవరో చింపకుంట మరిచినట్టున్నరు" అన్నది. వెతికితే పెళ్ళికూతురి చీరల సంచి అడుగున రెండు కవర్లు. ఒకదానికి పసుపు కూడా ఆరలేదు.

1116 తొమ్మిది గుణిజం కాబట్టి, ఆ కవర్లు ఎన్ని తప్పిపోయినా తేడా తొమ్మిది గుణిజమే అవుతుంది. పెదనాన్న మార్కెట్ చిట్టాల్లో వెయ్యినూటపదహార్లు ఉండవు, ఆయన కిటుకు అక్కడ బాగానే నడిచింది. నిజానికి నేను ఇంకొంచెం ఆలోచించి ఉండాల్సింది. పక్కపక్క అంకెలు ఒక్కచోట తిరగబడితే తేడాను 9తో భాగించినప్పుడు 7, 40, 300 లాంటివి రావాలి, అంటే ఒక అంకె, వెనక సున్నాలు. 2232ని 9తో భాగిస్తే 248. ఒక్క తారుమారుకు అది రానే రాదు. పిల్లలకు ఈ సంగతి చెప్పేటప్పుడు మేనత్త మాట దాచిపెడతాను.

1116 వర్గసంఖ్య కాదు. మరి వర్గాల మొత్తంగా రాయొచ్చా?

ఈ పేజీలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న. కొంచెం ఓపికగా చదవండి.

రూపాయి బిళ్ళలు తీసుకుని నేల మీద చదరాలుగా పేర్చాలి. 16 బిళ్ళలైతే ఒక్క చదరం చాలు, 4 × 4. 116 అయితే ఒక్క చదరం కాదు కానీ రెండు చాలు: 10 × 10 ఒకటి, 4 × 4 ఒకటి. ఇప్పుడు 1116. రెండు చదరాలతో కాదు. మూడింటితో చూడండి. 33 × 33 పెడితే 27 మిగులుతాయి, 27ను రెండు చదరాలు చేయలేం. 32 × 32 పెడితే 92 మిగులుతాయి, అదీ కుదరదు. ఇట్లా ఎన్ని చూసినా కుదరదు. 1116కు నాలుగు చదరాలు కావాల్సిందే.

ఎందుకంటే, ఏ వర్గసంఖ్యనైనా 8తో భాగిస్తే శేషం 0 గానీ 1 గానీ 4 గానీ వస్తుంది. ఇంకేదీ రాదు. ఈ మూడు శేషాల్లోంచి ఏ మూడు తీసుకుని కూడినా 7 రాదు, 8 తీసేసినా 7 రాదు. చేసి చూడండి, పది నిమిషాల పని. అంటే 8తో భాగిస్తే 7 మిగిలే సంఖ్య మూడు వర్గాల మొత్తం కాలేదు.

1116ను 8తో భాగిస్తే 4 మిగులుతుంది, 7 కాదు. కానీ 1116 = 4 × 279, ఆ 279ని 8తో భాగిస్తే 7 మిగులుతుంది. ఇక్కడ ఇంకొక్క మెట్టు. మూడు వర్గాలు కూడితే 4 గుణిజం వచ్చిందంటే ఆ మూడూ సరి సంఖ్యల వర్గాలే అయి ఉండాలి, ఎందుకంటే బేసి వర్గాన్ని 4తో భాగిస్తే 1 మిగులుతుంది, ఒకటో రెండో మూడో ఒకట్లు కలిసి 4 కావు. మూడూ సరి అయితే ప్రతి చదరం భుజాన్నీ సగం చేయొచ్చు. అప్పుడు 279 మూడు వర్గాల మొత్తం కావాలి. అది కాదని ఇప్పుడే చూశాం. కథ ముగిసింది.

నాలుగైతే ఎన్నో విధాల కుదురుతుంది. 33, 5, 1, 1 వర్గాలు కూడండి: 1089 + 25 + 1 + 1. లేదా 33 వర్గం, పక్కన మూడు 3 × 3 చదరాలు. లేదా 30, 14, 4, 2 వర్గాలు: 900 + 196 + 16 + 4. ఏ సంఖ్యకైనా నాలుగు వర్గాలు చాలని లగ్రాంజ్ 1770లో రుజువు చేశాడు. మూడు ఎప్పుడు చాలవో పూర్తిగా తేల్చినవాడు లెజాండ్ర్.

ఇప్పుడు అసలు విషయం. 16, 116, 1116, 11116, 111116 అని ముందు ఒకట్లు చేర్చుకుంటూ పోండి. 16కు ఒక చదరం. 116కు రెండు. 1116కు నాలుగు. 11116కు? మూడు: 102, 26, 6 వర్గాలు. 10404 + 676 + 36. ఆ తర్వాత ఈ వరుసలో వచ్చే ప్రతి సంఖ్యకూ మూడే. 4తో భాగిస్తే 2779, 27779, 277779 అని వస్తాయి, అన్నిటి చివరా 779 ఉంటుంది, 8తో భాగిస్తే 3 మిగులుతుంది. ఒకటి కాదు, రెండు కాదు, మూడు తప్పకుండా చాలు. అంతులేని ఆ వరుస మొత్తంలో నాలుగు చదరాలు అడిగే సంఖ్య ఒక్క 1116 మాత్రమే. 16 తర్వాత ఆ వరుసలో ఇంకో వర్గసంఖ్య కూడా ఎప్పటికీ రాదు.

పెళ్ళిళ్ళలో ఇంత మొండి సంఖ్యను పంచుకుంటున్నామని ఎవరికీ తెలియదు.

2116 సంగతేంటి?

46 × 46. సరిగ్గా ఒక చదరం. వెయ్యి పెంచగానే మొండితనం పోయింది. 516కు మూడు చదరాలు కావాలి: 20, 10, 4 వర్గాలు.

1116ను వరుస సంఖ్యల మొత్తంగా రాయొచ్చా?

అయిదు రకాలుగా రాయొచ్చు, అంతకు మించి లేవు. 371 + 372 + 373 ఒకటి. 136 నుంచి 143 దాకా ఎనిమిది సంఖ్యలు. 120 నుంచి 128 దాకా తొమ్మిది. 35 నుంచి 58 దాకా ఇరవై నాలుగు. 21 నుంచి 51 దాకా ముప్పై ఒకటి. 1 కాకుండా ఉన్న బేసి కారణాంకాలు 3, 9, 31, 93, 279, అంటే అయిదు. ఒక్కో దానికి ఒక్కో రకం.

బోర్డు మీద రాస్తే పిల్లలకు నిద్ర వస్తుంది. అందుకని బతుకమ్మ పేర్చమంటాను. చేతిలో 1116 పూలు. కింది వరుస కన్నా పై వరుసలో సరిగ్గా ఒక పువ్వు తక్కువ ఉండాలి, ఒక్క పువ్వూ మిగలకూడదు. కింద 51 పెట్టి మొదలుపెడితే 31 వరుసలయ్యాక పైన 21 పూలతో ముగుస్తుంది. చూడ్డానికి బతుకమ్మలాగే వస్తుంది. కింద 128 పెడితే తొమ్మిది వరుసలు, పైన 120. తొమ్మిది రోజుల పండుగకు తొమ్మిది వరుసలు అని ఒకమ్మాయి ముచ్చటపడింది కానీ, అది బతుకమ్మ కాదు, డోలు. 373తో మొదలుపెడితే మూడే వరుసలు, తాంబాళం లాగా పరుచుకుంటుంది. తంగేడు, గునుగు ఎన్ని కట్టలు కావాలో మీరే చూసుకోండి.

రెండు వర్గాల తేడాగా?

మొత్తంగా మొండికేసింది కానీ తేడాగా మూడు విధాల ఒప్పుకుంటుంది: 40 వర్గంలోంచి 22 వర్గం తీసేస్తే (1600 − 484), 96లోంచి 90 (9216 − 8100), 280లోంచి 278.

6174 అనే సంఖ్యకూ దీనికీ సంబంధం ఉందా?

ప్రత్యేకంగా ఏమీ లేదు, కానీ ఆట బాగుంటుంది. అంకెలను పెద్దనుంచి చిన్నకు, చిన్ననుంచి పెద్దకు పేర్చి తీసివేయాలి. 6111 − 1116 = 4995. మళ్ళీ 9954 − 4599 = 5355. తర్వాత 1998, 8082, 8532, 6174. ఆరు మెట్లలో చేరింది. అన్ని అంకెలూ ఒకటే కాని ఏ నాలుగంకెల సంఖ్యతో మొదలుపెట్టినా ఏడు మెట్లలోపు 6174కే వస్తుంది, అక్కడే ఆగిపోతుంది. నాసిక్ దగ్గర దేవలాలిలో బడి పంతులుగా పనిచేసిన కాప్రేకర్ 1949లో కనిపెట్టారు. ఇది పూర్తిగా మన పదంకెల రాతకు చెందిన గుణం.

పెళ్ళికి ఇచ్చేది కదా, 1116 సంతోష సంఖ్యేనా?

కాదు! గణితంలో సంతోష సంఖ్య అని నిజంగానే ఉంది. అంకెల వర్గాలు కూడుతూ పోతే చివరకు 1 రావాలి. 1116తో చేస్తే 39, 90, 81, 65, 61, 37, 58, 89, ఇక అక్కడినుంచి 145, 42, 20, 4, 16, 37 అని గానుగెద్దులా తిరుగుతుంది. 1 ఎప్పటికీ రాదు. 116, 516, 2116, 10116 కూడా అంతే, ఒక్కటీ సంతోష సంఖ్య కాదు. ఈ సంగతి ఒక పెళ్ళి టేబుల్ దగ్గర చెప్పి మా ఆవిడతో తిట్లు తిన్నాను.

కారణాంకాలన్నీ కూడితే ఏమొస్తుంది?

తనను వదిలేసి మిగతా 17 కూడితే 1796. తనకన్నా 680 ఎక్కువ. ఇట్లాంటివాటిని సమృద్ధ సంఖ్యలంటారు. ఇది వింత కాదు, 6 దాటిన ప్రతి 6 గుణిజం సమృద్ధమే. సగం, మూడో వంతు, ఆరో వంతు కలిపితేనే మొత్తం వచ్చేస్తుంది (558 + 372 + 186 = 1116), పైన 1 ఉండనే ఉంది. 31ని 4 వర్గంతో గుణిస్తే 496, అది పరిపూర్ణ సంఖ్య, కారణాంకాల మొత్తం సరిగ్గా తనంతే. అదే 31ని 6 వర్గంతో గుణిస్తే మన 1116. అన్నదమ్ములు.

కాకతీయుల చరిత్రలో 1116 వస్తుందట?

వస్తుంది. రెండో ప్రోలరాజు పాలన సుమారు 1116లో మొదలైందని చరిత్రకారులు రాస్తారు. ఆయన కొడుకు రుద్రదేవుడే 1163లో వేయి స్తంభాల గుడి కట్టించాడు. 1163 ప్రధాన సంఖ్య. రామప్ప గుడి 1213 నాటిది, అదీ ప్రధాన సంఖ్యే, తిరగేసి 3121 అని రాసినా ప్రధాన సంఖ్యే. చదరాల లెక్క వేస్తే రామప్పకు రెండు చాలు, 27 వర్గం, 22 వర్గం. వేయి స్తంభాల గుడికి మూడు, 33, 7, 5 వర్గాలు. రాజులు ఇవేవీ చూసుకుని కట్టలేదు. వాళ్ళు శక సంవత్సరాల్లో లెక్కపెట్టారు, మన క్రీస్తుశకపు అంకెలు వాళ్ళకు తెలియవు.

కవర్లో పెట్టాలంటే తక్కువలో తక్కువ ఎన్ని నోట్లు, బిళ్ళలు కావాలి?

ఇప్పుడైతే ఆరు: రెండు అయిదువందలు, ఒక వంద, ఒక పది, ఒక అయిదు, ఒక రూపాయి. 2016 నవంబర్‌లో రద్దయ్యేదాకా పాత వెయ్యి నోటు ఉండేది, అప్పుడు అయిదుతో అయిపోయేది. వెయ్యి, వంద, పది, అయిదు, ఒకటి. రోమన్ అంకెల్లో 1116 రాసినా సరిగ్గా ఇవే: ఎమ్, సి, ఎక్స్, వి, ఐ. ఒక్కోటి ఒక్కసారే వస్తుంది. పాత కవరులో ఉన్న నోట్లను పెద్దనుంచి చిన్నకు పేర్చితే అదే రోమన్ అంకె.

న్యూమరాలజీ ప్రకారం...

ఆ ప్రశ్న ఇక్కడ వద్దు.

మీరు ఎంత రాయిస్తారు?

చుట్టాలకు అందరిలాగే 1116. నా దగ్గర చదువుకున్న పిల్లల పెళ్ళి అయితే 2116, కవర్ మీద "46 × 46" అని రాసిస్తాను. ఈమధ్య అట్లాగే రాసిస్తే పెళ్ళికొడుకు మర్నాడు ఫోన్ చేసి, "సార్, 10116 కూడా బాగుంటుంది కదా, 96 వర్గం, 30 వర్గం" అన్నాడు. ఆ లెక్క వాడికి చెప్పింది నేనే.